ఫ్రీ అకౌంటు సేద్యం

నాకు తెలిసి హైటెక్ సిటీలో నీళ్ళు పెట్టి పత్తి పండించిన మనిషిని నేనొక్కదాన్నే. పండించింది కంప్యూటర్లోనే అనుకోండి. అయినా కరెంటు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడటం, రాగానే మోటారు వేయడం, పోగానే తిట్టుకోవడం, ఇవన్నీ నిజంగానే చేశాను. దానికి నాకు జీతం కూడా ఇచ్చారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఏళ్ళవి. మాదాపూర్‌లో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరాను. ఆటను జనంలోకి వదిలే ముందు ఆడి చూసి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో రాసిచ్చే పని. నల్గొండ జిల్లాలో ఉన్న మా నాయినకు ఈ సంగతి ఫోన్లో చెబితే నమ్మలేదు. "ఆటలాడితే జీతమిస్తరా? గదేం కంపెనీ బిడ్డా, మంచిగ అరుసుకున్నవా?" అన్నాడు.

కంపెనీ మంచిదే. నా మెడలో ట్యాగే మంచిది కాదు. పర్మనెంటు వాళ్ళకు నీలం ట్యాగు, కాంట్రాక్టు వాళ్ళకు పసుపు ట్యాగు. నీలం వాళ్ళు గేటు దగ్గర కార్డు చూపించి నడిచిపోయేవారు. పసుపు వాళ్ళం రోజూ సంచి తెరిచి చూపించి, సంతకం పెట్టి లోపలికి రావాలి. కంపెనీ బస్సెక్కకూడదు. పండక్కి స్వీటు డబ్బా పంచితే మా వరుస దగ్గరికి వచ్చేసరికి అయిపోయేది. అంతకు ముందు పనిచేసిన రెండు కంపెనీలూ నా ట్యాగు రంగు మారకముందే మూతపడ్డాయి. ఇది మూడోది. ఈసారి ఎట్లాగైనా నీలం ట్యాగు వేసుకోవాలని పంతం పట్టి ఉన్నాను.

నా పక్క సీట్లో ఇంకో పసుపు ట్యాగు ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ, నాకంటే కొన్నేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. లింగంపల్లిలో ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళి పాటలు పాడేది. నేను గులాబీ జెండా ఎక్కడ కనిపిస్తే అక్కడికి పోయి నినాదాలిచ్చేదాన్ని. రాష్ట్రం గురించి మాకు మాటామాటా రాని రోజు లేదు. "మీవాళ్ళు హైదరాబాదును ఎత్తుకుపోతారా ఏంటమ్మా?" అని ఆవిడంటే, "మీవాళ్ళు ఎత్తుకొచ్చింది జర దించుతే చాలక్కా" అని నేననేదాన్ని. తర్వాత ఇద్దరం ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి వేసుకుని అన్నం తినేవాళ్ళం. గోంగూరకు ప్రాంతీయ భేదం ఉండేది కాదు.

మా పైన సారు ఒకాయన ఉండేవారు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, అందరినీ మీరు అంటారు. మొదటి రోజే మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఈ ఆట విడుదలయ్యాక ఒకరిని పర్మనెంటు చేస్తారట, రెండోవారి కాంట్రాక్టు అంతటితో పూర్తవుతుందట. "మీ ఇద్దరిలో ఎవరికొచ్చినా నాకు సంతోషమే" అన్నారు. ఆయన సంతోషానికి ఏం తక్కువ!

ఇక ఆట సంగతి. అదొక ఊరి ఆట. ఆడేవాళ్ళకు కొంత చేను, ఒక బోరు ఇస్తాం. వరో పత్తో మిరపో వేసుకోవాలి. కరెంటు చెప్పాపెట్టకుండా వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు మోటారు బొమ్మ మీద నొక్కితే చేను తడుస్తుంది. నొక్కకపోతే ఎండుతుంది. పంట చేతికొస్తే ఒక మెట్టు పైకి. ఆడటం ఉచితం. మరి కంపెనీ బతికేదెలా అని మీటింగు పెట్టారు. డబ్బులకు ఏదో ఒక సౌకర్యం అమ్మాలి, కానీ గెలుపు అమ్మినట్టు ఉండకూడదు, అలా ఉంటే జనం ఛీకొడతారు అని సారు తల పట్టుకున్నారు. అందరూ బల్ల వంక చూస్తున్నారు. నేను ఊరుకోవచ్చు కదా! నోరు తెరిచాను.

"మా నాయిన ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు సార్."

అదేమిటని అడిగారు. మోటారుకు బిగించే డబ్బా సార్, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మనిషి బావి దగ్గర కాపలా కూర్చోవక్కర్లేదు అని చెప్పాను. సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంతమంది ఇంజనీర్లకు తట్టనిది నాకు తట్టిందని అందరి ముందూ మెచ్చుకున్నారు. పసుపు ట్యాగుకు ఆ మాత్రం మెప్పు దక్కడం అదే మొదలు. ఆ పూటంతా నేల మీద నడవలేదు నేను.

అలా ఆటో స్టార్టర్ మా ఆటలోకి వచ్చింది, నిజం డబ్బులు పెట్టి కొనుక్కునే వస్తువుగా. వెంటనే టీల దగ్గర వాదన మొదలైంది. ఇది సౌకర్యం అమ్మడమా, గెలుపు అమ్మడమా?

ప్రోగ్రామర్లలో ఒకతను గుళ్ళో స్పెషల్ దర్శనం టికెట్టు ఉదాహరణ తెచ్చాడు. టికెట్టు కొన్నా కొనకపోయినా దేవుడు ఒకడే, లడ్డూ ఒకటే, లైనొక్కటే వేరు, కాబట్టి అది సౌకర్యమే అన్నాడు. ఇంకొకతను రైలు తత్కాల్ టికెట్టు ఎత్తుకున్నాడు. అక్కడ ఒకడికి బెర్తు దొరికితే ఇంకొకడు నిలబడి పోవాలి, కాబట్టి అది గెలుపు అమ్మడమే అన్నాడు. నువ్వు చెప్పవేంటక్కా అంటే అక్క టీ ఊదుకుంటూ, "మా చర్చిలో ముందు వరుసే ఎప్పుడూ ఖాళీగా ఉంటుందండి. ఊరికే ఇచ్చినా కూర్చోరు" అంది. అందరం పడీపడీ నవ్వాం. నేను మాత్రం సౌకర్యమే అని గట్టిగా వాదించాను. "స్టార్టర్ పెట్టినంక మా నాయినకు పంటేం ఎక్వ పండలేదు. నిద్ర మంచిగ పట్టింది, గంతే" అన్నాను. సారు ఆ మాటను తెల్లబోర్డు మీద రాయించారు. పంట అంతే, నిద్ర మాత్రం అదనం. చాలా రోజులు ఎవరూ దాన్ని చెరపలేదు.

బోర్డు మీద రాస్తే సరిపోదు కదా, రుజువు కావాలి. సారు పరీక్ష పెట్టారు. మా ఇద్దరిలో ఒకరు స్టార్టర్ ఉన్న అకౌంటు ఆడాలి, ఇంకొకరు ఏమీ కొనకుండా ఫ్రీ అకౌంటు ఆడాలి. ఒకరి మోటారు ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆట విడుదలయ్యే ముందు రోజు ఎవరు ఎన్నో మెట్టు మీదున్నారో చూస్తారు. ఇద్దరూ దగ్గరదగ్గరగా ఉంటే డబ్బుతో గెలుపు రాదని ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఎవరికి ఏది? సారు నా వంక చూసి చల్లగా నవ్వారు. "మీరు రైతు కుటుంబం కదా. ఫ్రీ అకౌంటు మీరు తీసుకోండి. మీకు అలవాటే."

స్టార్టర్ సంగతి చెప్పింది నేను. స్టార్టర్ లేని అకౌంటు వచ్చింది నాకు. అప్పుడైనా బుర్రలో బల్బు వెలగాలా వద్దా? వెలగలేదు. పైగా ఛాతీ విరుచుకున్నాను. కష్టపడి గెలిచి చూపిస్తే నీలం ట్యాగు ఎవరికివ్వాలో వాళ్ళకే తెలుస్తుంది అనుకున్నాను. గుంటూరు అక్క స్టార్టర్ మీద, నల్గొండ బిడ్డ చేతి కష్టం మీద! నాలో ఉద్యమం ఉప్పొంగింది.

ఇక మొదలైంది నా సేద్యం. పొద్దున ఆఫీసు తెరిచేసరికి సర్వర్ ఆన్ చేసేవారు, సాయంత్రం ఆపేవారు. ఆఫీసులో తప్ప ఇంకెక్కడా ఆట తెరుచుకోదు. ఆ మధ్యలో కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కుర్చీలోంచి లేస్తే ఒట్టు. కుడి చేత్తో అన్నం, ఎడమ చేత్తో మౌసు. నీళ్ళు తాగితే బాత్రూముకు పోవాల్సి వస్తుందని నీళ్ళు మానేశాను. చేనుకు నీళ్ళు పెట్టడానికి నేను నీళ్ళు మానేయడం చూసి అక్క నెత్తి కొట్టుకుంది. "ఒక్క నిమిషం నేను చూస్తాలేమ్మా, వెళ్ళిరా" అనేది. నేను ఒప్పుకునేదాన్ని కాదు. రూలు రూలే.

అక్క చేను దానంతటది పారేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకునేది. మిగిలిన పొద్దంతా ఏం చేస్తుంది పాపం? ఆటలో తప్పులు వెతికి రాసేది. ప్రోగ్రామర్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, మనిషి నొక్కకుండానే ఆటను పరీక్షించే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. విదేశీ క్లయింటుతో ఫోను మీటింగులకు ఒకరు కావాలంటే సారు అటూ ఇటూ చూసేవారు. నా చేయి మౌసు మీద ఉండేది. అక్కను పిలిచేవారు. తలుపు మూసుకునేది. నేను మాత్రం, అబ్బ, ఈవిడకు ఎంత బోరు కొడుతుందో అని జాలిపడ్డాను. నిజం, జాలిపడ్డాను!

అంతలో సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. లింగంపల్లి నుంచి మేము ఎక్కే లోకల్ రైలు ఆగింది. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగి, హాస్టల్లో కూడా కరెంటు మా ఆటలోలాగే వచ్చిపోతూ ఉండేది. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఇగ రాష్ట్రం వచ్చినట్టే అని గదిలో ఎగిరాను. బంద్ రోజు కంపెనీకి సెలవు, దానికి బదులు శనివారం పని. హైటెక్ సిటీలో అందరికీ అదే పద్ధతి. ఉద్యమం వారం మధ్యలో జరిగేది, జీతం శనివారం సర్దుకునేది.

తీరా మొదటి బంద్ ముందు రోజు తెలిసింది, బంద్ మనుషులకే కానీ సర్వర్‌కు కాదని. సారు ఇల్లు ఆఫీసు వెనక వీధే. ఆయన వచ్చి సర్వర్ ఆన్ చేస్తారట.

"ఒక్కరోజు ఆపుదాం సార్, నా పత్తి ఎండిపోతది" అన్నాను.

"ఆడేవాళ్ళ జీవితంలో కూడా బంద్‌లూ గట్రా ఉంటాయి కదండీ. అదీ మనకు డేటానే" అన్నారు సారు ఎంతో మర్యాదగా.

బంద్ రోజు పొద్దున అక్క దుప్పటి కప్పుకుని, "హాయిగా పడుకోవమ్మా, మీ బందే కదా" అంది. సమైక్యాంధ్ర అక్క బంద్‌ను తు.చ. తప్పకుండా పాటించింది. ఆవిడ చేనుకు స్టార్టర్ ఉంది. ప్రత్యేక తెలంగాణ నేను చెప్పులు వేసుకుని, బంద్‌ను కాలరాస్తూ మాదాపూర్‌కు నడక మొదలుపెట్టాను. మసీదుబండ దాటి కొండాపూర్ చౌరస్తా చేరేసరికి రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటావార్పు జరుగుతోంది. పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. డప్పులు కొడుతున్నారు. మామూలు రోజైతే మొదటి డప్పు దగ్గర నేనే ఉండేదాన్ని. ఆ రోజు తల వంచుకుని గోడ పక్కనుంచి జారుకోబోయాను.

జెండా పట్టుకున్న ఒకాయన అడ్డం వచ్చాడు. "ఏందక్కా, ఇయ్యాల బంద్ అని ఎర్కలేదా? యాడికి పోతున్నవ్?"

నోటికి వచ్చింది అనేశాను. "నీళ్ళు పెట్టనీకి పోతున్న అన్నా. కరెంటొస్తది, మోటరెయ్యాలె."

"ఏమేసిన్రు?"

"పత్తి."

గరిటె తిప్పుతున్న ఒక పెద్దమ్మ నా వంక చూసింది. "జరుగుండ్రి, పోనీయుండ్రి బిడ్డను. చేనెండితే ఎవడిస్తడు?" అంది. దారి వదిలారు. అయితే ఊరికే పోనివ్వలేదు. ఎండన పడి నడిచొచ్చావు, తిని పో అని విస్తరాకులో వేడన్నం, పప్పు పెట్టి రోడ్డు మీద తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మాదాపూర్‌ల ఇంక చెల్కలు ఉన్నయా బిడ్డా? అన్నీ అద్దాల బిల్డింగులే అనుకుంటి" అని ఆ పెద్దమ్మ మురిసిపోయింది. ఉన్నాయి, కొన్నే ఉన్నాయి అన్నాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు. కానీ ఆమె ఇంకో గరిటె పప్పు పోస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఆఫీసుకు చేరేసరికి కరెంటు వచ్చి పోయింది. పత్తి సగం ఎండింది.

ఆ సాయంత్రం నాయిన ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. ఊళ్ళో దీక్ష టెంటు వేశారట, పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాడట. చేను సంగతేంటని అడిగితే, "స్టార్టర్ ఉన్నది గద బిడ్డా, దాని పని అది చేస్తది. ఇప్పుడు నాకు శాన టైమున్నది. పాల సొసైటీల గూడ నన్నే పెద్దమనిషిగ కూసోమంటున్రు" అన్నాడు. తర్వాత మురిపెంగా అడిగాడు. "నువ్వు ఇయ్యాల బంద్‌ల యాడ కూసున్నవ్?"

కొండాపూర్ చౌరస్తాలో అన్నాను. అదీ అబద్ధం కాదు.

ఫోన్ పెట్టేశాక ఒక్కటి తట్టింది. నిద్ర ఒక్కటే అదనం అని నేను ఆఫీసులో అంత గట్టిగా చెప్పానే, ఈయన నిద్రపోవడం ఎప్పుడో మానేసి పెద్దమనిషి అయి కూర్చున్నాడు! ఆ ఆలోచన అక్కడితో ఆగకుండా ఇంకొంచెం ముందుకు పోయుంటే నా బతుకు బాగుపడేదేమో. కానీ మర్నాడు మిరప పూతకు రావాలి. ఆలోచించడానికి తీరిక ఎక్కడిది?

ఎండిన పత్తి తీసేసి మళ్ళీ వేశాను. ప్రతి బంద్‌కూ నడిచాను. కొండాపూర్‌లో వాళ్ళు నన్ను గుర్తుపట్టి, "మోటరక్క అచ్చింది, తొవ్వ ఇయ్యుండ్రి" అనడం మొదలుపెట్టారు. ఆటలో కరెంటు రాకడకు ఒక వరుస ఉందని చూసిచూసి పసిగట్టాను. ఏ పంట ఏ పూట వేస్తే తక్కువ తడితో గట్టెక్కుతుందో కనిపెట్టాను. ఆట తయారుచేసిన వాళ్ళకు కూడా తెలియనంతగా ఆ ఆట నాకు వచ్చేసింది. చివరి రోజు సాయంత్రం సర్వర్ ఆపేముందు తెర మీద చూశారు. అక్క కంటే నేను ఒక మెట్టు పైన ఉన్నాను.

ఆఫీసంతా చప్పట్లు. నేను కుర్చీ మీద నిలబడి జై తెలంగాణ అన్నాను. అక్క కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. "గెలిచావమ్మా. మొండిదానివి" అని నెత్తి మీద చేయి వేసింది.

మర్నాడు మీటింగు. క్లయింటు ఫోను లైన్లో ఉన్నాడు. సారు మొహం వెలిగిపోతోంది. ఒక్క పైసా కట్టని ఆటగత్తె, డబ్బులు కట్టిన ఆటగత్తె మీద గెలిచిందని, మా ఆటలో గెలుపు అమ్మకానికి లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలని, నన్ను లేచి నిలబడమని చూపించారు. ఫోనులో కూడా చప్పట్లు వినిపించాయి. ఆ తర్వాత అదే గొంతుతో, అదే సంతోషంతో, పర్మనెంటు పోస్టు అక్కకని చెప్పారు.

నాకు ముందు అర్థం కాలేదు. మీటింగయ్యాక ఆయన వెనకే వెళ్ళాను.

"గెలిచింది నేను కదా సార్."

"ఆట మీరే గెలిచారండీ. అందులో ఎవరికీ సందేహం లేదు" అన్నారు. "కానీ పోస్టు టెస్టర్‌ది కదా. ఆవిడ ఎన్ని తప్పులు పట్టిచ్చారు! ప్రోగ్రాములు నేర్చుకున్నారు, క్లయింటుతో మాట్లాడుతున్నారు. మీరు ఈ పరీక్ష మొదలైనప్పటి నుంచి ఒక్క తప్పూ రాసివ్వలేదు."

"ఎట్ల రాస్త సార్? చెయ్యి మౌసు మీది నుంచి తియ్యకుంట కూసోమన్నది మీరే గద! ఆమెకు స్టార్టర్ ఇచ్చిన్రు, నాకు ఇయ్యకపోతిరి. ఆమెకు టైమున్నది. నాకేడిది టైము?" కోపంలో నాకు ఆఫీసు తెలుగు రాదు.

సారు నొచ్చుకున్నారు. చాలాసేపు ఆలోచించారు కూడా. చివరకు, "మీరన్నది నిజమే అనుకోండి. కానీ అది ఆట బయటి విషయం కదా" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అక్క మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. గదికి వచ్చాక ఆవిడ కొత్త ట్యాగు సంచిలోంచి బయటికి తీయలేదు. "నేను అడగలేదమ్మా. దేవుడి సాక్షి" అంది. నాకు తెలుసు. ఆవిడ చేసిన పనంతా నిజమైన పనే. అంతా తీరిక మీద పండిన పంట. ఆ రాత్రి ఇద్దరం ఏడ్చాం, ఆవిడ కొంచెం ఎక్కువే ఏడ్చింది. మర్నాడు నా పసుపు ట్యాగు గేటు దగ్గర ఇచ్చేసి, పెట్టె సర్దుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నమ్మ వాళ్ళింట్లో ఉండి పని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఆట విడుదలైంది. బాగానే ఆడుతున్నారని పేపర్లో కూడా వచ్చింది. కొన్నాళ్ళకు అక్క ఫోన్ చేసింది. తిన్నావా, ఉద్యోగం దొరికిందా అని అడిగాక కాసేపు నసిగింది.

"నీ అకౌంటు ఇంకా ఉందమ్మా. ఆట తెరవగానే అందరికీ ముందు నీ చేనే కనపడేలా పెట్టారు. డబ్బు కట్టకుండా మొదటి స్థానం అని."

"నేను లేను కదక్కా. నీళ్ళెవరు పెడుతున్నారు? ఎప్పుడో ఎండిపోయి ఉండాలె."

"ఎండిపోతుంటే బాగుండదని..." అని ఆగింది. "స్టార్టర్ పెట్టేశారమ్మా నీ చేనుకి."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"పెట్టమని నాకే చెప్పారు. నేనే పెట్టాను" అంది అక్క.

"చేను ఎట్లున్నదక్కా?" అని అడిగాను.

"పచ్చగా ఉందమ్మా" అంది.